పుస్తకంలో ఇరవై, చేతుల్లో ఒకటి

పోయిన నెలలో దివిసీమలోని ఒక చిన్న ఆసుపత్రికి వార్మర్ బాగుచేయడానికి వెళ్లాను. వార్మర్ అంటే అప్పుడే పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల. పైన హీటర్, పక్కన బిడ్డ ఒంటి వేడి కొలిచే తీగ. ఇలాంటి యంత్రాలు బాగుచేయడం నా ఉద్యోగం. మధ్యాహ్నం మూడు కావస్తోంది. వార్మర్‌ను వరండాలోకి తోయించి మూత విప్పాను. ఎదురుగా ప్రసూతి గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల మంచం మీద నొప్పులు పడుతున్న ఒకామె, తల దగ్గర ఆమె తల్లి, ఒక చిన్న వయసు నర్సు. ఇంకెవరూ లేరు.

నర్సు చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని, తన మెడకు చెరోపక్కా ఆనించి కాసేపు ఆగింది. తన మెడకు చల్లగా తగలడం లేదని తేలాకే ఆ కడుపు మీద చెయ్యి వేసింది.

అలా చేసే మనిషిని అంతకు ముందు ఒక్కరినే చూశాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

ఆ మనిషి పేరు ఇక్కడ రాయను. పేర్లు రాస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ స్కూల్లో, కాన్పులు చేయడం నేర్చుకునే యాభై ఇద్దరు అమ్మాయిలకు ఆమె క్లాస్ లీడర్. మేడమ్‌లు లీడర్ అనేవాళ్లు, అమ్మాయిలు లీడరక్క అనేవాళ్లు. నాకూ లీడర్ గారే.

మూడేళ్ల కిందట ఆ ఆసుపత్రిలో ఇలాగే ఒక వార్మర్ ముందు కూర్చుని ఉంటే పక్కన వచ్చి నిలబడింది. ఒంటి బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడికాలికి విశ్రాంతి ఇస్తూ నిలబడేది. కాసేపటికి కాళ్లు మార్చేది. కూర్చోమంటే, “అలవాటు తప్పుద్దండీ” అనేది.

“ఇంజినీర్ గారూ, ఆ కాగితం ఏంటండీ?”

“ఇంజినీర్ని కాదండీ, డిప్లొమానే. ఇది చెక్‌లిస్టు. పద్నాలుగు అంశాలు. ఒక్కోటి చూశాకే టిక్కు పెట్టాలి.”

“చూడకుండా పెడితే?”

“పెట్టకూడదు.”

“పెట్టకూడదు, సరేనండి. పెడితే ఏమవుద్ది అని అడుగుతన్నా.”

“యంత్రం పనిచేస్తుందని నమ్ముతారు. బిడ్డ చల్లబడిపోతుంది.”

ఆమె కాగితం వంక చాలాసేపు చూసింది. “మాకూ ఉందండీ అట్టాంటిది ఒకటి. కేస్ బుక్ అంటారు. ఇరవై కాన్పులు మా చేత్తో చేసి, ఇరవై పేజీలు నింపి, ఇరవై సంతకాలు పెట్టించుకోవాలి.”

“మీవి ఎన్నయ్యాయి?”

“పుస్తకంలోనా, చేతుల్తోనా?”

తమాషాకు అంటోందనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు.

తర్వాత తెలిసిన పద్ధతి ఇది. ఆ ప్రసూతి గదిలో మంచాలు ఆరు. కాన్పు మీద మొదటి హక్కు పై చదువుల డాక్టర్లది, తర్వాత హౌస్ సర్జన్లది. ఆ తర్వాత మూడు నర్సింగ్ స్కూళ్ల విద్యార్థినులు గోడవారన వరసగా నిలబడతారు. ట్రే పట్టుకుంటారు, బిడ్డను తూకం వేస్తారు, నేల తుడుస్తారు. కాన్పు అయిపోయాక తల్లి వివరాలు ఆరుగురు ఆరు పుస్తకాల్లో రాసుకుంటారు. అన్నిటిలో ఉన్నది ఒకే కాన్పని తెలియకుండా ఒకరు బరువు రెండు కిలోల ఎనిమిది వందలని రాస్తే ఇంకొకరు మూడు కిలోలని రాస్తారు. టైము పది నిమిషాలు అటూ ఇటూ జరుపుతారు. నెలాఖరుకు సిస్టర్ గారు పుస్తకాల దొంతర ముందు పెట్టుకుని, టీ తాగుతూ సంతకాలు చేసేస్తారు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అలా జరుగుతుంది, అంతే.

“ఒక్క బిడ్డే ఆరు పుస్తకాల్లో పుడుద్దండీ,” అనేది లీడర్. “దేవుళ్లక్కూడా అన్ని అవతారాలు ఒకే పూట లేవు.”

ఆమె తన చేత్తో చేసింది ఒకే ఒక్క కాన్పు. ఆ సంగతి నాకు కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ అవే మాటల్లో. ఆరు మంచాలూ నిండి ఉన్నాయి. ఏడో ఆమెను నడవాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. డాక్టర్లందరూ లోపల. ఈమె దుప్పటి సర్దుతోంది. “తల కనపడింది. అరిచాను, ఎవరూ రాలేదు. ఇంక చెయ్యి పెట్టాను. పిల్ల నా చేతిలోకి జారింది, తడి చేపలాగా. వాళ్లమ్మ నా మణికట్టు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఒక్కటి చేశాక తెలిసిందండీ, మిగతా పంతొమ్మిదీ ఎంత అబద్ధమో.”

బందరు అవతల సముద్రం ఒడ్డున వాళ్ల పాలెం. తండ్రి వేటకు వెళతాడు, తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. ఆ తల్లి నుంచి వచ్చిందో ఏమో, దేన్నయినా వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. మొదటి కణుపు దగ్గర ఒకటి అనకుండా, సరుకు కొలిచేవాళ్లలా లాభం అనేది. లాభం, రెండు, మూడు. అమ్మాయిల హాజరైనా, చేతి తొడుగులైనా అలాగే.

ఈ చదువుకు ఎందుకు వచ్చిందో ఒకసారే చెప్పింది, అదీ నేను అడిగితే. ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చున్నాం. టీ ఎప్పుడూ సగమే తాగి, మిగతా సగం ఎవరు పక్కనుంటే వాళ్ల వైపు జరిపేది. ఆ రోజు గ్లాసు ముట్టుకోలేదు.

“మా వదిన. కాన్పు బాగానే అయింది. తర్వాత రక్తం ఆగలేదు. మా ఊరి ఆసుపత్రిలో కొత్త నర్సు, మా ఈడుదే. గుడ్డ పైకెత్తి మా అమ్మకి చూపించి అడిగిందంట, ‘ఇది మామూలేనా అమ్మా, ఎక్కువా?’ అని. చేపలమ్ముకునేదాన్ని అడిగిందండీ. మా అమ్మేం చెప్పుద్ది. ‘మామూలేలే తల్లీ’ అంది. ఇంకో గంటకి పోయింది వదిన.”

“ఆ నర్సు మీద ఫిర్యాదు చేశారా?”

“ఎందుకండీ. ఆ పిల్లకి పుస్తకంలో ఇరవై ఉన్నయ్.”

‘లీడర్’ అనే పదాన్ని ఆమె అందరికంటే గట్టిగా తీసుకుంది. సాధారణంగా లీడర్ల పని హాజరు తీయడం, ఫ్రెషర్స్ డేకి మైకు పట్టుకోవడం. ఈమె అర్జీలు రాసింది. ప్రిన్సిపాల్‌కి, సూపరింటెండెంట్‌కి, ఇంకా పై ఆఫీసులకు. కాగితాన్ని నిలువుగా ఒకే మడత పెట్టి, లోపలికి వెళ్లేటప్పుడు మడత విప్పి, ట్రే పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకు చాపేది. అడిగినవి మూడు. ప్రసూతి గది గోడ మీద వంతుల బోర్డు ఒకటి పెట్టాలి, ఏ కాన్పుకు ఏ విద్యార్థిని చెయ్యి వేస్తుందో అందులో రాయాలి. కనీసం అయిదు కాన్పులు సిస్టర్ గారు పక్కన నిలబడి చేయించాలి. చేయని కాన్పుల పేజీలు ఖాళీగా వదిలేస్తే ఫెయిల్ చేయకూడదు. ఆ మూడోదాని లాంటి కోరిక నేను ఇంకెక్కడా చదవలేదు. ఖాళీ పేజీని ఖాళీగా ఉంచనివ్వండి అని అడగడం.

జవాబు ఎప్పుడూ రాలేదు. ముట్టినట్టు స్టాంపు మాత్రం వేసేవాళ్లు. ఆమెకు అదే పండగ. ఫోన్ చేసి, “స్టాంపు పడిందండీ” అనేది. అలాంటివి పదకొండు, ఒక ప్లాస్టిక్ కవరులో దాచింది.

ప్రిన్సిపాల్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఒకరోజు నేను ఆఫీసులో రసీదు కోసం నిలబడి ఉంటే లీడర్‌ను మందలించడం విన్నాను. “అమ్మా, నేనూ ఇట్టాగే రాసి పాసయ్యా. మా మేడమూ ఇట్టాగే రాసింది. నువ్వొక్కదానివే కొత్తగా పుట్టావా?”

“లేదండీ మేడమ్. నేనూ ఆరు పుస్తకాల్లో పుట్టే ఉంటా.”

మేడమ్‌కు నవ్వొచ్చింది. అర్జీ మీద స్టాంపు వేయించింది.

సిస్టర్లు నేర్పరని తేలాక ఆమే హాస్టల్లో మొదలుపెట్టింది. దిండు, దాని గలీబు, ఒక ప్లాస్టిక్ బొమ్మ. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అమ్మాయిలు వరసగా కూర్చునేవాళ్లట. తను చేసింది ఒక్కటే, దాన్నే యాభై ఒక్క మందికి పంచిపెట్టింది. ఎప్పుడూ చెప్పే మాట ఒకటుండేది. “మనం లాగేది ఏం లేదు. అదే వస్తది. చెయ్యి కింద పెట్టుకుని ఉండటమే మన పని.” అరచేతులు మెడకు ఆనించుకోవడం కూడా అక్కడే నేర్పింది. “నొప్పుల్లో ఉన్నామెకి మన సల్లటి చెయ్యి కూడా ఎందుకు?”

ఇక నేను చేసింది చెప్పాలి.

పన్నెండో అర్జీకి ఆమె ఒక జాబితా జతచేద్దామనుకుంది. హాస్టల్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, నిజంగా చేసినవి ఎన్నో అడిగి రాసుకుంది. టైపు చేయించుకోవడానికి ఆటోనగర్ వచ్చింది. లారీ బాడీలు కట్టే రెండు షెడ్ల మధ్య మా వర్క్‌షాపు గది. రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది.

“మొత్తాలు చాలండీ. యాభై రెండు మంది, పుస్తకాల్లో ఇన్ని, చేతుల్తో ఇన్ని.”

“అలా అయితే దానికి విలువ ఉండదు. ఎవరైనా ఏ అంకెలైనా రాయొచ్చు. వరస నంబరు, పేరు, పుస్తకంలో ఎన్ని, చేతుల్లో ఎన్ని. నాలుగు గడులు. పేరు లేకపోతే అది ఆరోపణ అవుతుంది, ఆధారం అవదు.”

ఆమె కాలు మార్చి నిలబడింది. “నన్ను నమ్మి చెప్పారండీ వాళ్లు.”

“నమ్మి చెప్పింది నిజమే కదా. నిజానికి భయం ఏంటి?”

ఈ వాక్యం నాదే. నేను అన్న మాటల్లో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది ఇదొక్కటే.

“అయితే ముందు నాది రాయండి. లీడర్ని కదా.” ఒకటో వరస ఆమెది. పుస్తకంలో ఇరవై, చేతుల్లో ఒకటి. తర్వాత ఆమె చదువుతూ పోయింది, నేను కొట్టుకుంటూ పోయాను. చేతుల్లో మూడుకు మించిన అంకె ఆ గడిలో పడలేదు. ఎక్కువగా సున్నాలు. గీతలు సరిచేశాను, పైన గడికి బూడిద రంగు వేశాను. చాలా నీటుగా వచ్చింది.

ఈసారి జవాబు వచ్చింది. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. వాళ్లు జాబితాను బల్లకు ఒకవైపు, యాభై రెండు కేస్ బుక్కులను ఇంకోవైపు పెట్టుకుని రెండు రోజులు సరిపోల్చారు. జాబితా చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారట. ప్రసూతి గదిలోకి మాత్రం వెళ్లలేదు. విద్యార్థినులు రికార్డుల్లో తప్పుడు వివరాలు రాసినట్టు వాళ్ల జాబితాతోనే రుజువైందని తేల్చారు. యాభై రెండు మంది హాల్ టికెట్లు ఆపేశారు. సంతకాలు చేసిన వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఇంకో వార్మర్ పని మీద. మెట్ల దగ్గర అమ్మాయిలు లీడర్ చుట్టూ మూగారు. ఎవరూ కేకలు వేయడం లేదు. ఒకమ్మాయి మాత్రం అంది, “పేర్లెందుకు పెట్టావక్కా. మేం నీకు చెప్పాం గానీ కాగితానికి చెప్పామా?”

లీడర్ తల ఎత్తింది. మెట్ల కింద టూల్ బ్యాగుతో నిలబడ్డ నన్ను చూసింది. నా వైపు చెయ్యి చూపిస్తే సరిపోయేది. పేర్లు పెట్టించింది నేనని నేనే ముందుకొచ్చి చెప్పినా సరిపోయేది.

“నా బుద్ధే అట్టా ఏడ్చిందిలేమ్మా,” అంది.

నేను బ్యాగు భుజం మార్చుకుని వార్మర్ దగ్గరికి వెళ్లాను.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఆటోనగర్ వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఒక దారి చూపించిందట. జాబితా అబద్ధమని, అమ్మాయిలు అలా చెప్పలేదని, పేరు కోసం తనే అంకెలు కల్పించానని లీడర్ రాసిస్తే మిగతా యాభై ఒక్కమందికీ హాల్ టికెట్లు ఇస్తారు. ఆమెను తీసేస్తారు.

“రాయకండి,” అన్నాను. “నిజం మీవైపు ఉంది.”

“నిజం నావైపుంటే, వీళ్లు ఇళ్లకి పోతారండీ. ఒకళ్ల నాన్న ఆటో, ఒకళ్లమ్మ మిషను కుట్టుద్ది. మూడేళ్లు చదివించారు. కొట్టండి, చెబుతా.”

కొట్టాను. ‘నిరాధారం’లో ఒత్తు ఆమె తప్పు పలికితే సరిచేశాను కూడా. యాభై రెండు మందీ ఇరవై కాన్పులు తమ చేతులతో చేసిన మాట సత్యం అని చివరి వాక్యం. ఆమె నిలబడే చదువుకుంది, సంతకం పెట్టింది, నిలువుగా ఒక మడత పెట్టింది.

“దీనికి స్టాంపు వేస్తారంటారా?”

వేశారు. అన్నిటికంటే తొందరగా దానికే వేశారు.

ప్లాస్టిక్ కవరు నా దగ్గర వదిలి వెళ్లింది. “మా ఇంట్లో అన్నీ తడుస్తయ్, మీ దగ్గరుంచండి.” యాభై ఒక్క మంది పరీక్ష రాశారు, పాసయ్యారు, ఉద్యోగాల్లో చేరారు. ప్రసూతి గదిలో బోర్డు పెట్టలేదు.

తర్వాత రెండు మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. “పొద్దస్తమానం ఐసులో చేతులండీ,” అంది చివరిసారి. “మొన్న అలవాటు కొద్దీ మెడకి ఆనించుకున్నా. మెడ కొయ్యబారిపోయింది.” నవ్వింది. పేర్ల సంగతి ఎత్తుదామని నేను ప్రతిసారీ అనుకునేవాణ్ని. ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

దివిసీమ వరండాలో స్క్రూడ్రైవర్ కింద పెట్టింది ఇందుకు. నర్సు బయటికి వచ్చింది. కోటు మీద పేరు చదివాను. నాకు పేర్లు మరుపురావు. ముప్పై ఏడో వరస. పుస్తకంలో ఇరవై, చేతుల్లో సున్నా.

“మీరు ఆటోనగర్ సార్ కదండీ? అక్క చెప్పేది,” అంది. “ఎంతసేపట్లో అవుద్దండీ?”

“ఇరవై నిమిషాలు. డాక్టర్ గారు లేరా?”

“మీటింగుకెళ్లారు. నేను చేరి పన్నెండు రోజులే అయింది.” నా సర్వీసు కాగితం కింద గబగబా సంతకం పెట్టేసింది. వేడి చూశాక పెట్టండి అనబోయాను. అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

పద్దెనిమిది నిమిషాల్లో వార్మర్ వేడెక్కింది. లోపల నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. మంచం మీదామెకు చెబుతోందో తనకే చెప్పుకుంటోందో. “మనం లాగేది ఏం లేదు. అదే వస్తది. చెయ్యి కింద పెట్టుకుని ఉండటమే.” తర్వాత బిడ్డ ఏడుపు. నర్సు బిడ్డను తెచ్చి వార్మర్ మీద పెట్టి, ఒళ్లు తుడిచి, వెనక్కి పరుగెత్తింది.

కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక గుడ్డ. గుడ్డ నిండా నెత్తురు.

“సార్, ఒకసారి చూడండి. ఇది మామూలేనా, ఎక్కువా?”

వార్మర్లు బాగుచేసేవాణ్ని అడిగింది.

నాకు తెలియదు. మామూలే అనకూడదని మాత్రం తెలుసు. లీడర్ వాళ్లమ్మ క్యాంటీన్ బల్ల అవతలి నుంచి నాకు ఆ ఒక్కటీ నేర్పింది, కూతురి నోటితో. “ఎక్కువే అనుకోండి,” అన్నాను. 108కి ఫోన్ చేశాను. అంబులెన్సు పక్క ఊళ్లో ఎవరినో దింపి ఖాళీగా ఉంది కాబట్టి తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. నర్సు ఆ కడుపు మీద నుంచి చెయ్యి తీయకుండా బందరు దాకా వెళ్లింది. తల్లి బతికిందని మర్నాడు తెలిసింది. ఆ అంబులెన్సు ఇంకో ఊళ్లో ఉంటే ఏమయ్యేదో ఎవరికీ చెప్పనవసరం లేదు.

ఆ సాయంత్రం ఖాళీ వరండాలో లాప్‌టాప్ తెరిచాను. అబద్ధమని స్టాంపు పడిన జాబితా ఇంకా అందులో ఉంది. ముప్పై ఏడో వరసలో సున్నా తీసేసి ఒకటి కొట్టాను. మిగతా సున్నాలు ఏ ఏ ఊళ్ల ఆసుపత్రుల్లో, ఏ తలుపుల దగ్గర నిలబడి ఎవరిని అడుగుతున్నాయో అనుకుంటూ పైకి జరిపాను.

ఒకటో వరస దగ్గర ఆగాను. పుస్తకంలో ఇరవై, చేతుల్లో ఒకటి. అందులో మార్చేది ఇక ఏమీ ఉండదు.